టెక్స్ట్ టవర్ డిఫెన్స్: ఏ రకం గేమ్, ఎక్కడ నడపాలి, ఏ టవర్ కొనాలి

టవర్ డిఫెన్స్ అంటే కోట వైపు వేవ్‌లుగా, అంటే దఫాలుగా, నడిచి వచ్చే శత్రువులను దారి పక్కన టవర్లు కొని పెట్టి ఆపే ఆట. దాని టెక్స్ట్ రూపంలో మ్యాప్ అంటే గళ్ళ కాగితమే. చుక్కలు ఖాళీ నేల, # గోడ, @ శత్రువు, టవర్‌కో అక్షరం. బొమ్మలు లేని లోటు ఉన్నా, బదులుగా ఒక పెద్ద సౌకర్యం దొరుకుతుంది: ఏ టవర్ రేంజ్‌లో (దెబ్బ అందే దూరంలో) దారి గళ్ళు ఎన్ని పడుతున్నాయో వేలు పెట్టి లెక్కపెట్టవచ్చు. గ్రాఫిక్స్ గేముల్లో ఇది కంటి అంచనా, ఇక్కడ కచ్చితమైన అంకె. కింద చెప్పే టవర్ ఎంపికలన్నీ ఆ అంకె మీదే నడుస్తాయి. అయితే ముందు గేమ్ సరిగా నడవాలి. చాలామంది ఆగిపోయేది అక్కడే కాబట్టి మొదలు అక్కడినుంచే.

లైన్ మోడ్ గేమా, ఫుల్ స్క్రీన్ గేమా

బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, లోపల పూర్తిగా వేరు. లైన్ మోడ్ గేమ్ మ్యాప్‌ను ప్రింట్ చేసి, మీరు ఒక కమాండ్ టైప్ చేసి ఎంటర్ నొక్కేదాకా ఆగుతుంది. టవర్ పేరు, అడ్డం, నిలువు అంకెలు ఇస్తారు. అది ఒక అడుగు ముందుకు వెళ్ళి మళ్ళీ మ్యాప్ ప్రింట్ చేస్తుంది. ఫుల్ స్క్రీన్ గేమ్ స్క్రీన్ మొత్తాన్ని తన చేతిలోకి తీసుకుంటుంది. యారో కీలతో కర్సర్ జరుగుతుంది, నొక్కిన కీ వెంటనే పనిచేస్తుంది, మీరు ఊరికే ఉన్నా శత్రువులు నడుస్తూనే ఉంటారు. యునిక్స్ వైపు ఇలాంటివి ఎక్కువగా టెర్మినల్ తెరను గీసే కర్సెస్ లైబ్రరీ మీద, ఇప్పుడైతే దాని వారసురాలు ఎన్‌కర్సెస్ మీద, కట్టి ఉంటాయి.

మొదటిసారి ఆడేవాళ్ళకు నా ఓటు లైన్ మోడ్‌కే. అది ఎక్కడైనా నడుస్తుంది: పాత కమాండ్ ప్రాంప్ట్‌లో, ఎడిటర్ అవుట్‌పుట్ కిటికీలో, నెట్ నెమ్మదిగా ఉన్న రిమోట్ మెషిన్ మీద. స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళకు కూడా ఇదే అనుకూలం, ఎందుకంటే కొత్త వరుస వచ్చినప్పుడే చదవాల్సింది ఉంటుంది. ఇంకో లాభాన్ని చాలామంది వాడుకోరు. మీ కమాండ్లన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌లో వరుసకొకటి రాసి, < గుర్తుతో గేమ్‌కు ఇన్‌పుట్‌గా ఇవ్వవచ్చు. మొదటి పది వేవ్‌లకు ఒక ప్లాన్ రాసి నడిపి, ఒక్క వరుస మార్చి మళ్ళీ నడిపితే ఆ ఒక్క మార్పు ఏం చేసిందో తెలుస్తుంది. గేమ్‌లో ర్యాండమ్ సీడ్ (ఆటలోని అదృష్టాన్ని నిర్ణయించే మొదటి అంకె) ఇచ్చే వీలుంటే దాన్ని ఒకే అంకె దగ్గర ఉంచండి, లేకపోతే రెండు ఆటల తేడా మీ ప్లాన్ వల్లా, అదృష్టం వల్లా అన్నది తేలదు. పవర్‌షెల్‌లో < పనిచేయదు. అక్కడ ఫైల్‌ను చదివి పైప్ గుర్తుతో పంపాలి, లేదా కమాండ్ ప్రాంప్ట్ నుంచి నడపాలి. ఫైల్ అయిపోయాక గేమ్ ఎర్రర్ ఇచ్చి ఆగితే కంగారు పడకండి. చదవడానికి ఇంకో వరుస లేదని చెప్పడమే అది; చివర్లో క్విట్ కమాండ్ పెడితే చాలు.

లైన్ మోడ్‌లో పదేపదే జరిగే పొరపాటు అంకెల వరుస. "3 5" అంటే మూడో అడ్డవరుస, ఐదో నిలువువరుసా, లేక ఎక్స్ 3, వై 5 ఆ? లెక్క 0 నుంచా, 1 నుంచా? హెల్ప్‌లో రాసి ఉన్నా నమ్మేసి ఖరీదైన టవర్ పెట్టకండి. అన్నిటికంటే చౌకదాన్ని 2 9 లాంటి, రెండు అంకెల మధ్య బాగా తేడా ఉన్న చోట పెట్టి, అది ఎక్కడ మొలిచిందో చూడండి.

వేగం, ఒత్తిడి కావాలంటే ఫుల్ స్క్రీన్ గేమే. దానికి అసలైన టెర్మినల్, అంటే కీలనూ తెరనూ నేరుగా ప్రోగ్రామ్ చేతికిచ్చే కమాండ్ కిటికీ, తప్పనిసరి. పైథాన్‌తో వచ్చే ఐడిల్ షెల్ టెర్మినల్ కాదు. చాలా ఎడిటర్ల అవుట్‌పుట్ ప్యానెల్ కూడా కాదు. అక్కడ నడిపితే "ఎర్రర్ ఓపెనింగ్ టెర్మినల్: అన్‌నోన్" అన్న మెసేజ్ రావచ్చు. గేమ్ పాడైపోలేదు, చోటు తప్పు. వీఎస్ కోడ్‌లో అయితే అవుట్‌పుట్ ట్యాబ్ వదిలి టెర్మినల్ ట్యాబ్‌లో నడపండి. పైచార్మ్‌లో రన్ సెట్టింగ్‌లలో అవుట్‌పుట్ కన్సోల్‌ను టెర్మినల్‌లా నడిపించే ఆప్షన్ ఉంది, దాన్ని టిక్ చేయండి.

ఫుల్ స్క్రీన్ గేముల్లో ఇంకో చిక్కు కీ బఫర్. పేలుళ్ళ యానిమేషన్ నడుస్తున్నప్పుడు నొక్కిన కీలు పోవు, వరుసలో నిలబడతాయి. యానిమేషన్ అవగానే అన్నీ ఒక్కసారిగా అమలవుతాయి. కర్సర్ మ్యాప్ అంచుకు దూసుకుపోతుంది, అంతకంటే ఘోరంగా కొనుగోలు కీ రెండుసార్లు పడుతుంది. కాబట్టి యారో కీని నొక్కి పట్టుకోకుండా విడివిడిగా నొక్కడం అలవాటు చేసుకోవాలి.

ఎక్కడ నడపాలి

లినక్స్, మాక్ వాళ్ళు ఉన్న టెర్మినల్‌తోనే మొదలుపెట్టవచ్చు. ఎంపిక నిజంగా అవసరమయ్యేది విండోస్‌లో. పాత కన్సోల్ కిటికీ, విండోస్ టెర్మినల్, డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపల లినక్స్ నడిపే సౌకర్యం) అని మూడు దారులు కనిపిస్తాయి. పాత కన్సోల్‌కు రంగుల ఎస్కేప్ కోడ్‌లను అర్థం చేసుకునే శక్తి విండోస్ 10 కాలంలో వచ్చింది గానీ, దాన్ని ప్రోగ్రామే అడిగి ఆన్ చేయించుకోవాలి. అడగని గేమ్ నడిపితే రంగుల బదులు ఎడమ బాణం, చదరపు బ్రాకెట్, 31 లాంటి అంకెలు తెర నిండా పడతాయి. 2020లో 1.0 వెర్షన్‌గా వచ్చిన విండోస్ టెర్మినల్‌లో ఈ బాధ చాలావరకు ఉండదు, తెరను మళ్ళీ గీయడమూ చురుగ్గా ఉంటుంది. విండోస్ వాళ్ళకు సూటి సలహా అదే. గేమ్ సీ భాషలో లినక్స్ కోసం రాసినదైతే మాత్రం డబ్ల్యూఎస్ఎల్ వేసుకుని, దాన్ని విండోస్ టెర్మినల్ ట్యాబ్‌లోనే తెరవండి.

పైథాన్ గేమ్ కర్సెస్ వాడుతుంటే విండోస్‌లో ఒక అడుగు ఎక్కువ. విండోస్ పైథాన్ ఇన్‌స్టాలర్‌లో కర్సెస్ మాడ్యూల్ ఉండదు. "నో మాడ్యూల్ నేమ్‌డ్ _కర్సెస్" అని ఆగిపోతుంది. పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో విండోస్-కర్సెస్ అనే ప్యాకేజీ వేసుకుంటే సరిపోతుంది. అది వేశాక కూడా అదే ఎర్రర్ వస్తుంటే, పిప్ ఒక పైథాన్‌కు వేసింది, గేమ్ ఇంకో పైథాన్‌తో నడుస్తోంది అని అర్థం. పిప్‌ను విడిగా పిలవకుండా, గేమ్‌ను నడిపే అదే పైథాన్ కమాండ్‌కు హైఫన్-ఎమ్ చేర్చి దాని ద్వారా పిలిస్తే ఈ గొడవ తీరుతుంది.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ మంచిదే, లైన్ మోడ్ గేమ్‌లకు హాయిగా ఉంటుంది. ఫుల్ స్క్రీన్ గేమ్ అయితే ఫోన్ నిలువుగా పట్టుకుంటే 80 నిలువువరుసలు పట్టవు. అడ్డంగా తిప్పితే కీబోర్డ్ సగం తెర మింగేస్తుంది. రెండు వేళ్ళతో ఫాంట్ చిన్నది చేసుకోవచ్చు, వాల్యూమ్ తగ్గించే బటన్ కంట్రోల్ కీగా పనిచేస్తుంది. అయినా రియల్ టైమ్ గేమ్‌కు బ్లూటూత్ కీబోర్డ్ లేకుండా దిగవద్దు.

ఎస్ఎస్‌హెచ్ (దూరపు మెషిన్‌లోకి లాగిన్ అయ్యే మార్గం) మీద వేరే మెషిన్‌లో ఆడాలనుకుంటే మొదట చూడాల్సింది గేమ్ రకమే. నొక్కిన ప్రతి కీ అటు వెళ్ళి, మారిన తెర ఇటు రావాలి. పింగ్ 200 మిల్లీసెకన్లు ఉంటే లైన్ మోడ్‌లో తేడా తెలియదు, ఫుల్ స్క్రీన్‌లో కర్సర్ మీ వేలి వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. ఎస్ఎస్‌హెచ్ బదులు మోష్ అనే ప్రోగ్రామ్ వాడితే ల్యాగ్ పోతుందని కొందరంటారు, అది సగమే నిజం. టైప్ చేసిన అక్షరం తెర మీద పడే సందర్భాల్లోనే మోష్ ముందుగా ఊహించి చూపగలదు. టవర్ కొనే కీ నొక్కితే ఏం జరుగుతుందో దానికెలా తెలుస్తుంది? నెట్ తెగి మళ్ళీ కలిసినా సెషన్ నిలవడం మాత్రం దానివల్ల వచ్చే అసలు లాభం.

మామూలు ఎస్ఎస్‌హెచ్ తెగితే గేమ్ కూడా చచ్చిపోతుంది, కాబట్టి టీమక్స్ (కనెక్షన్ పోయినా లోపలి ప్రోగ్రామ్‌ను బతికించే సాధనం) లోపల నడపండి. కంట్రోల్-బి, తర్వాత డి నొక్కితే బయటికి వస్తారు, గేమ్ లోపల బతికే ఉంటుంది. ఇక్కడో మెలిక ఉంది. రియల్ టైమ్ గేమ్ మీరు బయటికొచ్చినా ఆగదు. తిరిగి వెళ్ళేసరికి ఆరు వేవ్‌లు వచ్చి కోట కూలి ఉంటుంది. ముందు గేమ్‌లోని పాజ్, ఆ తర్వాతే డిటాచ్. టీమక్స్‌లో ఎస్కేప్ కీ అర సెకను ఆలస్యంగా పనిచేస్తోందనిపిస్తే అది భ్రమ కాదు. యారో కీలు కూడా ఎస్కేప్ కోడ్‌తోనే మొదలవుతాయి కాబట్టి, వచ్చింది ఒంటరి ఎస్కేపా, యారో కీ మొదటి ముక్కా అని తేల్చుకోవడానికి టీమక్స్ కాసేపు ఆగుతుంది. చాలాకాలం ఆ గడువు 500 మిల్లీసెకన్లు. సెట్టింగ్‌లలో ఎస్కేప్-టైమ్‌ను 10కి తగ్గించుకోండి.

కంట్రోల్-జెడ్ కొట్టి గేమ్‌ను పక్కన పెట్టడం పాజ్ లాంటిదే కదా అనుకుంటారు. కొన్ని గేములు గడియారం చూసి, "గత ఫ్రేమ్ నుంచి ఎన్ని సెకన్లు గడిచాయి" అన్న లెక్కతో శత్రువులను జరుపుతాయి. పది నిమిషాల తర్వాత వెనక్కి తెస్తే, ఆ పది నిమిషాల నడకా ఒక్క ఫ్రేమ్‌లో జరిగిపోయి శత్రువులు టవర్లను దాటేస్తారు. ల్యాప్‌టాప్ మూత మూసినా అదే కథ కావచ్చు.

సోర్స్ కోడా, రెడీ ఫైలా

కోడ్ చదవగలిగితే సోర్స్ తీసుకోవడమే మేలు. టవర్ల డ్యామేజ్, రేంజ్, వేవ్‌ల జాబితా అన్నీ సాధారణంగా ఒకే ఫైల్‌లో అంకెలుగా ఉంటాయి, ఏ హెల్ప్ పేజీ అంత నిజం చెప్పదు. సీ గేమ్‌ను బిల్డ్ చేసేటప్పుడు కర్సెస్ హెడర్ ఫైల్ దొరకలేదని ఆగితే, లైబ్రరీ ఉంది గానీ దాని డెవలప్‌మెంట్ ప్యాకేజీ లేదన్నమాట. డెబియన్, ఉబుంటుల్లో దాని పేరు లిబ్ఎన్‌కర్సెస్-డెవ్, ఫెడోరాలో ఎన్‌కర్సెస్-డెవెల్.

జావా జార్ ఫైల్ అయితే "అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్" ఎర్రర్‌లోని అంకె చూడండి. 52 అంటే జావా 8, 55 అంటే జావా 11, 61 అంటే జావా 17. ఆ అంకెకు సరిపడే జావా, లేదా అంతకంటే కొత్తది వేసుకోవాలి. రెడీ బైనరీకి లినక్స్‌లో పర్మిషన్ డినైడ్ అని వస్తే సీహెచ్‌మాడ్ కమాండ్‌తో ఎగ్జిక్యూట్ అనుమతి ఇవ్వండి; సుడోతో మాత్రం నడపకండి, ఒక గేమ్‌కు అడ్మిన్ హక్కులతో పనేముంది?

విండోస్‌లో డబుల్ క్లిక్ చేస్తే నల్ల కిటికీ తళుక్కుమని మాయమవుతుందా? ఎర్రర్ వచ్చి మూసుకుపోతోంది, అంతే. టెర్మినల్ తెరిచి, గేమ్ ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్ళి, అక్కడినుంచి నడిపితే ఎర్రర్ చదవడానికి దొరుకుతుంది. ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళడం ముఖ్యం. చాలా చిన్న గేములు మ్యాప్ ఫైల్‌ను తాము ఉన్న చోట కాకుండా మీరు నిలబడిన ఫోల్డర్‌లో వెతుకుతాయి, వేరేచోట నుంచి పిలిస్తే ఫైల్ లేదంటాయి.

తెర వంకరగా ఉంటే

ఎక్కువ గేములు 80 నిలువువరుసలు, 24 అడ్డవరుసలు ఉంటాయనే లెక్కతో రాసినవి. 1978 నాటి వీటీ100 టెర్మినల్‌తో బాగా పాతుకుపోయిన కొలత అది. కిటికీ అంతకంటే చిన్నదైతే పైథాన్ కర్సెస్ గేమ్ "యాడ్‌స్ట్రింగ్ రిటర్న్‌డ్ ఎర్రర్" తరహా మెసేజ్‌తో పడిపోతుంది. కిటికీ పెద్దది చేసి, లేదా ఫాంట్ తగ్గించి, ఆ తర్వాత గేమ్ మొదలుపెట్టండి. మధ్యలో సైజు మార్చడాన్ని అన్ని గేములూ తట్టుకోవు.

ఎమోజీ టవర్లు చూడ్డానికి బాగుంటాయి. కానీ ఒక్కో ఎమోజీ రెండు నిలువువరుసల చోటు తింటుంది, గేమ్ దాన్ని ఒకటిగా లెక్కేస్తే ఆ అడ్డవరుసలో మిగిలినదంతా పక్కకు జరుగుతుంది. అప్పుడు మీ గళ్ళ లెక్క మొత్తం తప్పు. ఆస్కీ (మామూలు కీబోర్డ్ అక్షరాల) మోడ్ ఉంటే అదే ఎంచుకోండి. గోడల గీతల స్థానంలో ప్రశ్న గుర్తులు వస్తే లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) యూటీఎఫ్-8లో లేదు. విండోస్ పాత కన్సోల్‌లో సీహెచ్‌సీపీ 65001 కొట్టి చూడండి. గేమ్ మధ్యలో క్రాష్ అయి టెర్మినల్‌లో టైప్ చేసింది కనబడకపోతే, కనబడకపోయినా రీసెట్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. తెర ఉన్నట్టుండి గడ్డకట్టిందా? బహుశా పొరపాటున కంట్రోల్-ఎస్ పడింది. కంట్రోల్-క్యూ దాన్ని విడిపిస్తుంది.

టవర్ ఎంపిక: షాపు అంకెలు కాదు, గళ్ళు

ఇక అసలు విషయం. ముందు ఆ గేమ్ రేంజ్‌ను ఎలా కొలుస్తుందో తెలుసుకోవాలి. రేంజ్ 3 అంటే మూడు అర్థాలు ఉండవచ్చు. మూలలనూ కలుపుకునే చతురస్రమైతే టవర్ చుట్టూ 48 గళ్ళు. నిజమైన దూరం లెక్కైతే 28. అడ్డం, నిలువు అడుగులు కూడితే 24. దారికి ఆనుకుని పెట్టిన టవర్‌కు సూటి దారిలో చతురస్రం లెక్కన 7 గళ్ళు అందితే, మిగతా రెండిటిలో 5 మాత్రమే. తెర మీద చూసి మోసపోకండి. అక్షరం వెడల్పు కంటే ఎత్తు దాదాపు రెట్టింపు కాబట్టి చతురస్రం కూడా నిలువుగా సాగి కనిపిస్తుంది. మొదటి వేవ్‌లో ఒక్క టవర్ పెట్టి, శత్రువు ఏ గడిలో ఉండగా మొదటి దెబ్బ పడిందో చూస్తే కొలత తేలిపోతుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ. చతురస్రం రేంజ్, శత్రువు టిక్‌కు (గేమ్ గడియారంలో ఒక అడుగుకు) ఒక గడి నడుస్తాడు అనుకుందాం. బాణం టవర్ ధర 50 నాణేలు, డ్యామేజ్ 6, ప్రతి టిక్‌కూ కొడుతుంది, రేంజ్ 2. ఫిరంగి ధర 120, డ్యామేజ్ 30, మూడు టిక్‌లకోసారి కొడుతుంది, రేంజ్ 3.

సూటి దారి పక్కన బాణానికి 5 గళ్ళు అందుతాయి: 5 దెబ్బలు, ఒక శత్రువుకు 30 డ్యామేజ్, నాణేనికి 0.6. ఫిరంగికి 7 గళ్ళు: 1, 4, 7 టిక్‌లలో 3 దెబ్బలు, 90 డ్యామేజ్, నాణేనికి 0.75. ఫిరంగిదే పైచేయి. అదే రెండిటినీ దారి యూ ఆకారంలో తిరిగే చోట, రెండు కాళ్ళ మధ్య ఒక్క గడి సందులో, మలుపుకు ఆనించి పెట్టి చూడండి. బాణానికి 9 గళ్ళు, 54 డ్యామేజ్, నాణేనికి 1.08. ఫిరంగికి 11 గళ్ళు, 4 దెబ్బలు, 120 డ్యామేజ్, నాణేనికి 1. ఫలితం తిరగబడింది. చిన్న రేంజ్ టవర్‌కు మలుపు ఎక్కువ ఉపకారం చేస్తుంది, పెద్ద రేంజ్ టవర్ ఎక్కడున్నా బతికేస్తుంది. కాబట్టి మలుపుల్లోని మంచి గళ్ళు చౌక టవర్లకు, సూటి దారి పక్కన ఖాళీలు ఫిరంగికి. కొత్తవాళ్ళు దీనికి సరిగ్గా ఎదురు చేస్తారు, ఖరీదైనదానికి మంచి చోటు ఇవ్వాలనుకుని. ఒంటి మలుపు విషయంలో లోపలి వైపు చూసుకోండి: రేంజ్ 2 టవర్‌కు ఎల్ మలుపు లోపల 7 గళ్ళు అందితే, బయట మూలకు ఎదురుగా పెడితే 3 మాత్రమే, సూటి దారి కంటే తక్కువ.

కవచం ఉన్న శత్రువులు వస్తే లెక్క మళ్ళీ మారుతుంది. చాలా గేముల్లో కవచం ప్రతి దెబ్బ నుంచి ఒక అంకె తీసేస్తుంది. కవచం 3 అయితే బాణం 6 కాస్తా 3 అవుతుంది, సగం పోయినట్టే. ఫిరంగి 30 నుంచి 27, పదో వంతు నష్టం. యూ మలుపులో కూడా బాణం నాణేనికి 0.54కు పడిపోతుంది, ఫిరంగి 0.9 దగ్గర నిలుస్తుంది. వేవ్ జాబితాలో కవచం ఎప్పుడు మొదలవుతుందో ముందే చూసి, దానికి రెండు వేవ్‌ల ముందు ఫిరంగికి డబ్బు కూడబెట్టడం మొదలుపెట్టాలి. కవచం శాతంలో తగ్గించే గేమ్ అయితే ఈ బెంగ లేదు, రెండూ ఒకే వంతున తగ్గుతాయి.

గుంపుల మీద ఫిరంగి ఎందుకు తేలిపోతుందో కూడా లెక్కలోనే ఉంది. 10 హెల్త్ ఉన్న పది మంది శత్రువులు ఒకరి వెనక ఒకరు సూటి దారిలో వస్తున్నారు. పేలుడు విస్తీర్ణం లేని ఫిరంగి 1, 4, 7, 10, 13, 16 టిక్‌లలో కొట్టి ఆరుగురిని చంపుతుంది. ప్రతి దెబ్బలో 20 డ్యామేజ్ వృథా, మిగతా నలుగురు గీత పడకుండా వెళ్ళిపోతారు. అందరికంటే ముందున్నవాణ్ణి కొట్టే పద్ధతిలో ఉన్న ఒక్క బాణం టవర్ చంపేది నలుగురినే. అయిదో శత్రువు దగ్గరికి వచ్చేసరికి టవర్ వెనకబడిపోయి, ఆఖరి గడిలో ఒక దెబ్బ వేయగలుగుతుంది. అక్కడినుంచి ఆరుగురూ ఒక్కో దెబ్బ తిని 4 హెల్త్‌తో దాటిపోతారు. చూడ్డానికి ఘోర వైఫల్యం. కానీ దారిలో కొంచెం ముందు ఇంకో బాణం టవర్ ఉంటే ఆ ఆరుగురూ ఒక్కో దెబ్బకు పోతారు. 100 నాణేలకు పది మందీ అయిపోయారు, 120 ఫిరంగి ఆరుగురి దగ్గర ఆగింది. ఒక్క బాణం టవర్ పనితనం చూసి దాన్ని అమ్మేసేవాళ్ళు చూడనిది ఈ రెండో టవర్‌నే.

టార్గెట్ పద్ధతి మార్చే వీలున్న గేమ్‌లో కోట దగ్గరి టవర్లను "ముందున్నవాడు" మీదే ఉంచండి. "దగ్గరివాడు" గుంపుల మీద ప్రమాదకరం: అందరికీ తలో దెబ్బ వేసి, ఎవరినీ పూర్తిగా చంపకుండా వదిలే అవకాశం ఎక్కువ. "బలహీనుడు" చిన్నవాళ్ళను ఏరేయడానికి బాగుంటుంది గానీ, బాస్ వచ్చిన వేవ్‌లో అతన్ని వదిలేసి పక్కన తిరిగే పిల్ల శత్రువుల వెంట పడుతుంది.

మంచు టవర్ ఎప్పుడు

శత్రువు వేగాన్ని సగం చేసే మంచు టవర్ ధర 80 అనుకుందాం. అది సొంతంగా ఎవరినీ చంపదు, శత్రువును రేంజ్‌లో రెట్టింపు సేపు ఉంచుతుంది. సూటి దారిలో ఒక్క బాణం టవర్‌కు అండగా పెడితే 30 డ్యామేజ్ అదనం, అదే 50 పెట్టి ఇంకో బాణం కొన్నా 30 అదనమే. కాబట్టి ఒక్కదానికి మంచు దండగ. రెండు బాణాలు ఒకే గళ్ళను చూస్తుంటే మంచు 60 ఇస్తుంది. 80 నాణేల బాణాలు సగటున 48 ఇస్తాయి. రెండో బాణం నుంచి మంచు ముందుంటుంది, టవర్లు పెరిగేకొద్దీ ఆ తేడా ఇంకా పెరుగుతుంది. రెండు మంచు టవర్లు ఒకే గడి మీద పడితే చాలా గేములు బలమైనదాన్నే లెక్కేస్తాయి, కాబట్టి పక్కపక్కన పెట్టకుండా దారి వెంట ఒకదాని రేంజ్ అయిపోయిన చోట రెండోది మొదలయ్యేలా పెట్టండి. తర్వాతి వేవ్ గడియారం ప్రకారం వచ్చే గేమ్‌లో ఒక జాగ్రత్త: నెమ్మదించిన పాత వేవ్ వెనకాలే కొత్తది వచ్చి కలిసిపోతుంది.

కొత్త టవరా, అప్‌గ్రేడా, పొదుపా

50 నాణేలకు బాణం డ్యామేజ్ 6 నుంచి 12 అవుతుందంటే, యూ మలుపులోని టవర్‌కు అది 54 అదనం. అదే 50తో సూటి దారి పక్కన కొత్త బాణం పెడితే 30. కవచం 3 ఉన్న శత్రువు మీద తేడా మరీ ఎక్కువ: మలుపులో 27 ఉన్నది 81 అవుతుంది, కొత్త టవర్ చేర్చేది 15. మంచి గడులు నిండిపోయిన రోజు నుంచి అప్‌గ్రేడ్‌లే. అంతకుముందు, ఇంకో మంచి మలుపు ఖాళీగా ఉంటే, కొత్త టవర్. కవచం లేని గుంపులకు మాత్రం 10 హెల్త్ మీద 12 డ్యామేజ్ అంటే ఒక్క దెబ్బకు ఒకరు. ఆ గీత దాటించని అప్‌గ్రేడ్ (6 నుంచి 9కి) ఆ గుంపు మీద ఏమీ మార్చదు, ఎలాగూ రెండు దెబ్బలే కావాలి.

వేవ్‌కు 10 శాతం వడ్డీ ఇచ్చే గేమ్‌లో 200 నాణేలు కదపకుండా ఉంచితే మూడు వేవ్‌లకు 220, 242, 266 అవుతాయి. ఆ 66 కోసం లైఫ్‌లు పోగొట్టుకోవడం తెలివి కాదు. ప్రస్తుత టవర్లు వచ్చే వేవ్‌ను దాటించగలవని పై లెక్కతో తేలినప్పుడే పొదుపు. గేమ్ వడ్డీని పూర్ణాంకాలకు కిందికి కత్తిరిస్తే, వేవ్ ముగిసే ముందు 199 కంటే 200 దగ్గర ఆగడం లాభం.

గీసిన దారా, తెరిచిన మైదానమా

దారి ముందే గీసి ఉన్న మ్యాప్‌లు నేర్చుకోవడానికి సులువు. తెరిచిన మైదానంలో టవర్లే గోడలు, శత్రువు దారిని మీరే వంచుతారు. 2007లో బ్రౌజర్‌లో వచ్చిన డెస్క్‌టాప్ టవర్ డిఫెన్స్ ఈ పద్ధతిని చాలామందికి అలవాటు చేసింది. పై లెక్కలు బుర్రకెక్కినవాళ్ళకు మైదానం ఎక్కువ రుచిస్తుంది, యూ మలుపులు కావలసినన్ని కట్టుకోవచ్చు కాబట్టి. చౌక టవర్లను గోడలుగా నిలబెట్టి, అడ్డవరుసలో ఒక చివర ఒక్క గడి ఖాళీ వదిలి, ఒక వరుస దాటి తర్వాతిదానిలో ఎదురు చివర వదలండి. ఇలా పాములా తిప్పితే 20 గళ్ళ వెడల్పు మైదానంలో ఒక్కో గోడ దారికి దాదాపు 18 నుంచి 20 గళ్ళు చేరుస్తుంది.

ఇక్కడ రెండు పరీక్షలు ముందే చేయాలి. దారిని పూర్తిగా మూస్తే గేమ్ ఒప్పుకోదా, లేక శత్రువులు టవర్లను పగలగొడతారా? రెండోదైతే చివరి ఖాళీ గడి మీద పొరపాటున కర్సర్ ఉంచి కొనుగోలు కీ నొక్కితే గోడ మొత్తం పోతుంది. రెండో పరీక్ష మూలల గురించి: శత్రువులు ఐమూలగా నడవగలరా? నడవగలిగితే మూలలు మాత్రమే తాకుతున్న రెండు టవర్ల మధ్య నుంచి జారిపోతారు, అప్పుడు గోడలో ప్రతి టవర్ పక్కదానికి భుజం ఆనించి ఉండాలి. ఎగిరే శత్రువులు ఉన్న గేమ్‌లో ఏ చిట్టడవీ వాళ్ళను ఆపదు. ప్రవేశం నుంచి కోటకు సూటి గీత గీసి, ఆ గీత మీద గళ్ళు చూసే టవర్లు కనీసం మూడో వంతు ఉండేలా మొదటినుంచే పెట్టుకుంటూ రండి.